తలుపు మీద నవ్విన మామయ్య

ఇస్తాంబుల్,
4 జూన్ 2006

మహారాజరాజశ్రీ మేనమామ స్టామెన్ గారి సముఖానికి, మేనల్లుడు లాచెజార్ అనబడే లాచో చేసుకునే విన్నపం.

ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరంలోనూ, ఇకముందు రాయబోయే ఉత్తరాల్లోనూ నా వల్ల నొచ్చుకోబోయే సమస్త ప్రాణికోటికీ నేల మీద నుదురు ఆనించి క్షమాపణ చెప్పుకుంటున్నాను. పావురాలకు, పర్యాటకులకు, మసీదు మెట్ల దగ్గర చెప్పులు కాసేవాళ్ళకు, మా బస్సు యజమానికి, ఆయన పుట్టుకకు కారకులైన పెద్దలకు. చరిత్రలో పట్టా పుచ్చుకుని టూరు బస్సులో తలకాయలు లెక్కపెడుతున్నందుకు మా విశ్వవిద్యాలయానికి ప్రత్యేకంగా. ఏ తప్పూ చేయలేదు గనుకనే ఇంత ధారాళంగా చెప్పగలుగుతున్నాను మామయ్యా. నిజంగా చేసినవాడికి ఇన్ని మాటలు రావు.

ఇక ఇస్తాంబుల్. వంతెన మీద గాలాలు వేసుకుని నిలబడ్డవాళ్ళ వీపులను మా టూరువాళ్ళు తెగ ఫోటోలు తీశారు. ఒకాయన వెనక్కి తిరిగి, మీ దేశంలో మనుషులకు వీపులుండవా అని నన్నడిగాడు. దానికి నా పట్టాలో జవాబు లేదు. టీ కొట్టు ముందు కునుకు తీస్తున్న ఒక ముసలాయన్ని ప్లొవ్దివ్ నుంచి వచ్చిన మా పళ్ళ డాక్టరు ఫోటో తీసి, 'తూర్పు దేశపు ప్రశాంతత' అని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ముసలాయన లేచి, పంటినొప్పితో రాత్రంతా కంటి మీద కునుకు లేదని చెప్పాడు. డాక్టరు అప్పటికే బస్సెక్కేశాడు. ఫోటోలు జతచేశాను, వాటిలో ఏది అబద్ధమో నువ్వే కనిపెట్టు.

అమ్మ బాగుంది. బయలుదేరే ముందు పట్నంలో కలిశాను. నీ గురించి ఏమీ అడగలేదు. భోజనం చేస్తున్నంతసేపూ ఎంత గట్టిగా అడగకుండా ఉందంటే, పక్కవాటా వాళ్ళకు కూడా వినిపించి ఉంటుంది.

నీ పాదధూళి (నీ పాత బస్సు టైర్ల ధూళి కూడా),
లాచో

*

గోర్నో సెలిష్టే,
20 జూన్

ఒరేయ్ లాచో,

ఫోన్ చేసి తిట్టచ్చుగా అంటుంది మీ ట్సోనా అత్త. ఫోన్‌లో తిడితే సగం గాలికి పోతుంది. కాగితం మీదైతే నువ్వు రెండోసారి కూడా చదువుకోవచ్చు.

ఏంట్రా ఆ ఫోటోలు? వీపులు, పావురాలు, నిద్రపోయే ముసలివాళ్ళు. లోకం చూసి రమ్మని పంపితే లోకం వెనకభాగం చూసి వచ్చావు. ఇక్కడ నా గతీ అలాగే ఉంది. మొన్న డచ్చి మనిషి ఒకతె, మారైకే అట, మెడలో కెమెరా వేసుకుని కొండెక్కి వచ్చి మంచినీళ్ళడిగింది. ఆ టైముకే పక్కింటి మించో మేక నా క్యాబేజీ మళ్ళో పడింది. నేను కొమ్ములు పట్టుకుని బయటికి ఈడుస్తున్నాను. ఆ ముదనష్టపుది మెడ చాచి ఆవిడ గడ్డిటోపీ అంచు కొరికి నమిలింది. నాకు నవ్వు ఆగలేదు. ముందుపళ్ళు ఊడినప్పటి నుంచి నేను పరాయివాళ్ళ ముందు నవ్వనని నీకు తెలుసు. సరిగ్గా ఆ క్షణానే టిక్కుమనిపించింది. తీసేయమన్నాను. చాలా బాగుందంది. ఇంట్లోకి చొరబడి గిన్నె ఎత్తుకుపోతే దొంగంటారు, మొహం ఎత్తుకుపోతే మాత్రం ఆర్టిస్టు అంటారు.

మీ అమ్మ ఊసు నా దగ్గర ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? మర్చిపోయినట్టున్నావు, మళ్ళీ చెప్తాను. ఎనిమిదేళ్ళ కిందట మా అమ్మ పోయినప్పుడు, చావు కబురు చెప్తూ ఊరంతా అంటించే నల్ల అంచు కాగితం మీద ఏ ఫోటో వేయాలని మీ అమ్మ వెలిచ్కా నన్నడిగిందా? బుర్గాస్ సముద్రంలో గౌను మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్న ఫోటో వేయించింది. మా అమ్మ బతుకులో చేసిన ఒకే ఒక్క ప్రయాణం అది, నిజమే. అయితే మాత్రం? చచ్చిపోయిన మనిషి అలా నవ్వుతుందా? ప్రతి గేటు మీదా, ప్రతి స్తంభం మీదా, చివరికి నేను నడిపే బస్సు అద్దం మీద కూడా మా అమ్మ పకపకా నవ్వుతుంటే జనం ఏమనుకోవాలి? మర్యాదగా గుర్తింపు కార్డు ఫోటోతో వేరే కాగితాలు వేయించి వాటి మీద అంటించాను. మీ అమ్మ వచ్చి నావాటి మీద మళ్ళీ తనవి అంటించింది. ఒకే మనిషి ఈ ఊళ్ళో రెండు చావులు చచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడెవరో నాకు తెలియదు.

ఇంకోసారి ఆ పేరు రాస్తే ఉత్తరం మేకకి పెడతాను.
స్టామెన్

*

క్రాకోవ్,
15 జూలై

మేకకు నమస్కారం, ఈ ఉత్తరం అది చదువుతుందేమోనని.

క్రాకోవ్‌లో చౌకు మధ్య గుర్రబ్బండ్లు ఉన్నాయి. ఒక గుర్రం, ఎవరు కెమెరా ఎత్తినా మెడ ఒకే వైపుకు తిప్పి నిలబడుతోంది. ఎంత అందమో అని మావాళ్ళు మురిసిపోయారు. బండివాణ్ణడిగితే, దానికి రెండో వైపు కన్ను లేదు, అందుకే ఆ వైపు చూపించదు అన్నాడు. పళ్ళు లేనివాళ్ళు నవ్వకపోవడం, కన్ను లేనివాళ్ళు తిరగకపోవడం. ఇందులో ఏదో నీతి ఉంది మామయ్యా, బస్సు హారన్ కొడుతోంది, నువ్వే తీసుకో.

మేక టోపీ తిన్న కథ బయలుదేరే ముందు అమ్మకు చెప్పాను. ముందు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. తర్వాత గుర్తొచ్చి మొహం మాడ్చుకుని, ఎవరా మనిషి అనడిగింది. ఆవిడ లెక్కలో కాగితాల మీద కాగితాలు అంటించింది నువ్వు, పరువు తీసింది నువ్వు. అమ్మమ్మ జన్మానికల్లా సంతోషంగా ఉన్నది ఆ ఒక్క మధ్యాహ్నమేనట, దాన్ని నువ్వు జిగురు పూసి మూసేశావట. మీ ఇద్దరి కోపాలూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, తోబుట్టువులని ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

నువ్వు కొండ మీద, ఆవిడ కొండ కింద. మధ్యలో నువ్వు బతుకంతా నడిపిన బస్సు రోజూ తిరుగుతూనే ఉంది. ఒకటే మాట చెప్తాను, తర్వాత మేకకు పెట్టు. ఇలాగే ఉంటే మీ ఇద్దరిలో ఒకరి సంగతి రెండోవాళ్ళు ఏదో ఒక తలుపు మీద చదివి తెలుసుకుంటారు. అప్పుడు ఫోటో బాగుందో లేదో పోట్లాడుకుందామన్నా ఎదుట మనిషి ఉండరు.

ఇట్లు, ఇద్దరి తిట్లకూ ఏకైక వారసుడు,
లాచో

*

గోర్నో సెలిష్టే,
28 ఆగస్టు

లాచో,

నేను చచ్చిపోయానట. నీకు తెలుసా? నాకు సోమవారం తెలిసింది.

పచ్చడికి ఎర్ర మిరపకాయలు కొందామని పట్నం దిగాను. బస్టాండులో టిక్కెట్లిచ్చే ఆవిడ నన్ను చూసి శిలువ గుర్తు వేసుకుంది. పెద్దవీధిలోకి వెళ్తే స్తంభానికి నేను, బ్యాంకు గోడకు నేను, మందుల షాపు తలుపుకు నేను. నల్ల అంచు కాగితం మీద నోరు తెరుచుకుని, లేని పళ్ళు లోకమంతటికీ చూపిస్తూ. కింద నా పేరు, దాని కింద చీమల్లాంటి అక్షరాలు. అద్దాలు పెట్టుకుని చదివితే అప్పుడు అర్థమైంది. ఆ డచ్చి మనిషి దేశదేశాలు తిరిగి తీసిన ఫోటోలన్నీ సాంస్కృతిక భవనంలో పెట్టిందట, వచ్చి చూడండని పిలుపు అది. పెరూ ముసలమ్మ ఒకతె, మొరాకో మంగలి ఒకడు, నేను.

అచ్చేసినవాడి దగ్గరికి పోయాను. రంగు సిరా అయిపోయిందన్నాడు. నల్ల అంచు ఎందుకురా అంటే, 'ఈ మిషన్ మీద అంచు లేకుండా మొహం అచ్చేసి ఎరగనండీ, చెయ్యి దానంతటదే వేసేసింది' అన్నాడు. అంతకుముందు గురువారం పదకొండు గంటలకని కింద టైము కూడా వేశాడు. ఇక జనం ఏమనుకుంటారు? నాతో బస్సు నడిపినవాళ్ళంతా పాత టోపీలు పెట్టుకుని దిగారట. అందరి చేతుల్లోనూ పువ్వులు, అన్నీ సరిసంఖ్యలో, శవానికి పెట్టేటట్టు. మారైకేకి ఆ సంగతి తెలియదుగా, నా బొమ్మలకు ఇంతమంది అభిమానులా అని ఏడ్చేసిందట. పెరూ ముసలమ్మ కాళ్ళ దగ్గర కూడా రెండేసి పువ్వులు పెట్టారు. ఆవిడ అక్కడ హాయిగా మొక్కజొన్నలు వలుచుకుంటూ ఉంటుంది పాపం.

ఇంతా చేసి, లోపల నా ఫోటో కింద ఏం రాశారో తెలుసా? 'కొండల్లో చివరి మేకలకాపరి. ఒంటరితనం.' నేను బస్సు డ్రైవర్ని. మేకను కాయలేదు, తోలాను. ఒంటరితనమట, ఆ ముక్క మీ అత్త నా పక్కనే నిలబడి చదివింది. ఒంటరివాడికి పొద్దున కాఫీ ఎవరు కాస్తారో చూస్తానంది. అన్నట్టే చూస్తోంది.

ఇదంతా నీ పనే. ఆ డచ్చిదాన్ని నా ఇంటికి పంపింది నువ్వు. నా పేరు చెప్పింది నువ్వు. ఆ మేకలకాపరి ముక్క రాసింది నువ్వు. మన వంశంలో ఇలాంటి వెధవపనులకు చదువుకున్నవాడివి నువ్వొక్కడివే.

పెద్దవీధి దాటి కాగితాలు అంటించలేదట. మీ అమ్మ ఉండే పేట వైపు పోలేదు. నయమే. చూసి ఉంటే మిఠాయి పంచేది. పంచేది కాదంటావా?

బతికే ఉన్న,
స్టామెన్

*

పాలెర్మో,
6 సెప్టెంబర్

స్వర్గీయులు కాని మామయ్య గారికి,

పాలెర్మో నుంచి రాస్తున్నాను. సముద్రం నీలంగా ఉంది. చేపలు తాజాగా ఉన్నాయి. జనం గట్టిగా మాట్లాడతారు. ఎండ ఎక్కువ. ఫిల్మ్ అయిపోవడం వల్ల ఫోటోలు పంపలేకపోతున్నాను.

నువ్వు మోపిన నేరాలకు జవాబు. ఆ డచ్చి అమ్మను నేను పంపలేదు, ఆవిడ దారి తప్పి వచ్చింది. నీ పేరు చెప్పింది నేను కాదు, మించో. మేకలకాపరి ముక్క నా రచన కాదు, నేనైతే మేక తరఫున రాసేవాణ్ణి. అచ్చువాడి చెయ్యి అచ్చువాడిది. అయినా నీ తృప్తి కోసం వీటన్నిటికీ, రంగు సిరా అయిపోయినందుకు కూడా, సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఒకటి మాత్రం చెప్పనివ్వు. మందుల షాపు తలుపు మీద ఆ ఫోటో చూసినవాళ్ళెవరూ పళ్ళు లెక్కపెట్టి ఉండరు. అంత బాగా నవ్వే మనిషి మన ఊళ్ళో ఉన్నాడా అనుకుని ఉంటారు.

అమ్మ మిఠాయి పంచేది కాదు మామయ్యా.

ఎండదెబ్బ తిన్న,
లాచో

*

గోర్నో సెలిష్టే,
17 సెప్టెంబర్

లాచో,

మీ అమ్మ వచ్చింది.

కూర్చుని చదువు. శుక్రవారం మధ్యాహ్నం పెరట్లో బల్ల మీద కూర్చుని పుచ్చకాయ తింటున్నాను. వీధి గేటు దగ్గర ఎవరో మీ అత్తను చెడామడా కడిగేస్తున్నారు. గొంతు వినగానే నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఎనిమిదేళ్ళయినా ఆ గొంతు మర్చిపోతానా? పొలాలు, పక్కిళ్ళు అన్నీ వినేలా అరుస్తోంది. నాకు కబురు చేయడానికి ఊళ్ళో ఒక్కళ్ళకూ నోరు లేదా, సొంత అన్న చావు పరాయిదానిలా తలుపు మీద చూడాలా, పూడ్చేశారా, ఎవరినడిగి పూడ్చేశారు అని. ట్సోనాకి ఒక్క మాట అనే సందివ్వలేదు. అలా అరుస్తూనే ఇల్లు చుట్టి పెరట్లోకి వచ్చింది. నల్లబట్టలు, నల్ల రుమాలు, చేతుల్లో పళ్ళెం. పోయినవాళ్ళ పేర పంచే ఉడికించిన గోధుమలు, పైన పంచదార అద్ది, దాని మీద గింజలతో శిలువ వేసి.

నన్ను చూసింది. నా గడ్డం మీద పుచ్చకాయ రసం కారుతోంది.

'చావలేదా?' అంది.

'ఇంకా లేదు' అన్నాను. ఏమనాలిరా మరి?

పళ్ళెం బల్ల మీద పెట్టింది. రుమాలు ఊడదీసి దానితోనే నా వీపు మీద, భుజాల మీద, ఎక్కడ దొరికితే అక్కడ బాదింది. కొట్టడం అయ్యాక పక్కన కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చానని మీ అత్త చెప్తుంది, నమ్మకు, అది పుచ్చకాయ. తేరుకున్నాక మీ అమ్మ అన్న మొదటి మాట ఏంటో తెలుసా?

'పోనీలే, అన్నయ్య మంచి ఫోటోతో పోయాడనుకున్నాను. అమ్మకు ఆ పాటి కూడా దక్కనివ్వలేదు నువ్వు.'

నాకు ఒళ్ళు మండింది. చచ్చినవాళ్ళు నవ్వకూడదన్నాను. 'ఆ ఫోటోలో అమ్మ ఎక్కడ చచ్చిపోయింది?' అంది. 'ఆ ఫోటోలో అమ్మ సముద్రంలో ఉంది.'

ఎనిమిదేళ్ళుగా ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎవరూ మాట్లాడటం లేదుగా, ఎప్పుడు చెప్పను అంది.

తర్వాత గోధుమల సమస్య వచ్చింది. చావు గోధుమలు పారేస్తే పాపం, బతికున్నవాడి పేర తింటే అరిష్టం. చివరికి ఇద్దరం వీధి గేటు దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళకు పోయేవాళ్ళకు మా అమ్మ పేరు చెప్పి చెంచాడేసి చేతుల్లో పెట్టాం. మించోకి కూడా ఇచ్చాం. మేకకు ఇవ్వలేదు. సాయంత్రం బస్సుకి పంపుదామనుకుంటే, 'నువ్వు లేకుండా ఎవడో పిల్లోడు నడుపుతున్నాడు, ఘాట్ రోడ్డు మీద వాడి బస్సు నేనెక్కను' అని ఇక్కడే పడుకుంది. ఇంకా వెళ్ళలేదు. పచ్చడి కలుపుతోంది, ఉప్పెక్కువేస్తోంది.

నవంబర్‌లో అమ్మ వర్ధంతికి మళ్ళీ కొత్త కాగితం అంటించాలి కదా. ఈసారి ఒక్కటే వేయిస్తాం. సముద్రం ఫోటో.

ఇక నీ సంగతి. సాంస్కృతిక భవనంవాళ్ళు ప్రమాణం చేసి చెప్తున్నారు, మీ అమ్మ పేట వైపు ఒక్క కాగితం కూడా అంటించలేదని. మరి ఆవిడ ఉండే మేడ మెట్ల దగ్గర తలుపు మీద, ఇద్దరు పొరుగువాళ్ళ నిజమైన చావు కాగితాల మధ్య నేను ఎలా వచ్చాను? ఇంకో ముక్క. నీ పాలెర్మో ఉత్తరం మీద మన పట్నం తపాలా ముద్ర ఎందుకుంది? మన తపాలావాళ్ళు ఎంత బద్ధకస్తులైనా పాలెర్మో ముద్ర చెరిపి తమది కొట్టరు కదా. పైగా ఆ ఉత్తరంలో ఒక్క మనిషి లేడు, ఒక్క తిట్టు లేదు. నీలం సముద్రం, తాజా చేపలు. రొట్టెల కొట్టులో కూర్చుని కూడా రాయచ్చు అలాంటిది.

నిజం రాయి. ఈసారి క్షమాపణలు వద్దు.
స్టామెన్ మామయ్య

*

ట్రియెస్టే,
30 సెప్టెంబర్

మామయ్యా,

ఇక్కడ పెద్ద గాలి వీస్తుంది. వీధుల్లో జనం పట్టుకుని నడవడానికి తాళ్ళు కడతారట. ఫోటోలు తీశాను, రేపు పంపుతాను. ఇవాళ ఇంకో బొమ్మ గురించి రాస్తాను. దాన్ని నేను తీయలేదు.

ఆ పాలెర్మో ఉత్తరం రాసిన రోజు బస్సు మన పట్నంలో చెడిపోయి, మరమ్మత్తు కోసం ఒక రోజు ఆగింది. అమ్మ పొద్దున్నే రొట్టె కోసం మెట్లు దిగింది. అంత దూరానికి అద్దాలు పెట్టుకోదని నీకు తెలుసు. తలుపు దగ్గర ఆగింది. చిన్న అక్షరాల జోలికి పోలేదు. కాగితం మూల ఒకటి ఊడి గాలికి కొట్టుకుంటోంది. అమ్మ దాన్ని బొటనవేలితో అదిమి, సరిగ్గా అతుక్కునేదాకా పట్టుకుంది. తర్వాత నీ నోటి మీద, ఆ పళ్ళు లేని చోట వేలు పెట్టి ఉంచింది. చాలాసేపు. ఆమె మెల్లగా ఏదో అంది. రొట్టె కొనకుండానే మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పరుగెత్తుకెళ్ళి, అమ్మా, అది అబద్ధం అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. గోధుమలు నానబోసి, పొయ్యి వెలిగించి, ఒక్కతే ఆ రోజంతా ఏం చేసిందో మీ ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పరు, అడిగే మొహం నాకు లేదు. తర్వాత జరిగింది చదివి నవ్వాను, కానీ ఆ రోజు సంగతి తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

ఇదివరకు చెప్పిన క్షమాపణలకు లెక్క లేదు గానీ ఇప్పుడు మాత్రం ఆ మాట కలం దాకా వచ్చి ఆగిపోతోంది.

ఆ డచ్చి మనిషిని నేను పంపలేదు. మేకలకాపరి ముక్క నాది కాదు. నల్ల అంచు నాది కాదు. అమ్మ తలుపు దగ్గర నిలబడ్డప్పుడు నేను ఎదురుగా రొట్టెల కొట్టు వరసలో ఉన్నాను, మందుల షాపు తలుపు నుంచి ఊడబీకిన ఆ కాగితం వెనక నేను పూసిన జిగురు ఇంకా నా వేళ్ళ మధ్య తడిగానే ఉంది.

అంటించింది నేనే.

లాచో